అరంగుళం వదులు

చీటీ మీద జోయెల్ సార్ రాసిచ్చింది ఇంతే:
ఉత్తండి, టోల్‌గేటుకి ముందు, ఎడమచేతి సందు,
నీలం గేటు. ఆదివారం పొద్దున ఏడు.
తెచ్చుకోవలసింది: ఒక తువ్వాలు.

నలభై మూడేళ్ళు చూళైమేడులో మిషను తొక్కినవాణ్ణి.
కండక్టరు ఎక్కడికని అడిగితే
గొంతు పెగల్లేదు.

జోయెల్ సార్ ఎడమకాలు కుడికంటే ముప్పావంగుళం పొట్టి.
ఆఫీసులో ఎవరికీ తెలియకుండా
ఇరవయ్యేళ్ళు పంట్లాం అంచులో దాచింది నేనే.
పోయిన నెల షాపు మూసేస్తున్నానంటే
"ఒకసారి నాతో రా వరదయ్యా,
అక్కడ నీకు పనుండదు" అన్నాడు.

గేటు లోపల రిజిస్టరు పట్టుకుని ఒక పెద్దావిడ.
ఫోను ఆ డబ్బాలో వేయండి, అంది.
ఆమె ఒంటి మీద కళ్ళజోడు, చేతిలో పెన్ను.
నేను చేసిన సంతకాన్నే చూస్తూ
చాలాసేపు నిలబడ్డాను.

గదిలో గోడకి మేకులు.
చొక్కా విప్పాను. నేను కుట్టుకున్నదే.
లోపల దొంగజేబు, అందులో తిరుగు చార్జీ.
పంట్లాం, బనీను, చెడ్డీ
డెలివరీకి ఇస్తున్నట్టు మడతలు పెట్టాను.
ఇక మిగిలింది మొలతాడు.

నల్లది. అమ్మ ఉన్నన్నాళ్ళూ అమ్మే కట్టేది,
తరవాత ఏటా ఉగాదికి నేనే మార్చుకుంటున్నాను.
వేలు దూర్చి లాగి, వదిలేశాను.
దిసమొల అనేది అమ్మ, నేను స్నానం ఎగ్గొట్టి పరిగెత్తినప్పుడు.
మొల ఉంది, తాడూ ఉంది.
మరి నేను విప్పినట్టా, కట్టుకున్నట్టా?
అడుగుదామంటే అక్కడ తెలుగొచ్చినవాళ్ళు లేరు.

తల దించుకునే నడిచాను.
కానీ కన్ను మాట వింటుందా!
భుజం పదిహేడున్నర.
నడుం నలభై రెండు, అడిగితే ముప్పై తొమ్మిదంటాడు.
ఆ ముసలాయన వీపు వంగింది,
వెనక రెండంగుళాలు పొడుగు పెట్టాలి.
అంకెలు వచ్చాయి,
రాసుకునే పుస్తకం లేక గచ్చు మీద రాలిపోయాయి.

ఒక సంగతి.
టేపు నడుముకి చుట్టగానే
మనిషన్నవాడు ఊపిరి బిగబడతాడు.
పొట్ట లోపలికి పోతుంది, గడ్డం పైకి లేస్తుంది.
నేనేమీ అనను. చూడనట్టే ఉండి
అరంగుళం వదులు కలిపి రాసుకుంటాను.
నా మర్యాదంతా ఆ అరంగుళంలోనే ఉండేది.

ఇక్కడ పొట్టలు వాటి మానాన అవి ఉన్నాయి.
కాన్పుల చారలు, ఆపరేషన్ కుట్లు
(ఒకాయన కడుపు మీద కుట్లు వంకర, డాక్టరు తొందరలో ఉన్నాడేమో).
బిగబట్టి ఉన్నది
నేనొక్కణ్ణే.

జోయెల్ సార్ వచ్చాడు, తువ్వాలు భుజాన వేసుకుని.
ఆ కాలిని పంట్లాం లేకుండా చూడటం ఇదే మొదలు.
ముప్పావు కాదు.
అంగుళం పైమాటే.
ఇరవయ్యేళ్ళు తప్పు కొలిచాను,
ఇరవయ్యేళ్ళు వేసుకుని తిరిగాడు,
ఒక్కసారీ వెనక్కి తేలేదు.

నీళ్ళలోకి దిగాను.
నీళ్ళు ఒంటికి సరిపోయే బట్టలాంటివని
ఎవరైనా రాస్తారేమో. కాదు.
ఎంత బాగా కుట్టినా చంక దగ్గర పట్టేస్తుంది బట్ట.
ఇది పట్టలేదు.
ఈత రాదు. కమ్మీ పట్టుకుని ఛాతీ లోతులో నిలబడ్డాను.
మొలతాడు కొసలు రెండూ తేలుతున్నాయి.

రిజిస్టరు పెద్దావిడ ఈదుకుంటూ పోతూ,
కళ్ళజోడు లేక నన్నెవరనుకుందో,
నీళ్ళు చల్లగా ఉన్నాయా అని అరవంలో అడిగింది.
ఫర్లేదమ్మా అన్నాను, తెలుగులోనే.
ఆ మాటతోపాటే
ఇందాకటి ఊపిరి బయటికి పోయింది.

తిరుగు బస్సులో
చొక్కా మెడ దగ్గర కొంచెం బిగువు.
ఎప్పట్నించి ఉందో.